ముందు పేజీ చాలు

ఆ ఆఫీసులో దేశాలకి పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. గోడ పొడుగునా నిలబెట్టిన ఇనుప బీరువాల్లో ఒక్కో దేశానికి ఒక్కో అర. ఆ అర మీద అంటించిన నంబరే ఆ దేశం పేరు. "మూడు వచ్చింది మేడం" అని టైపిస్టు కేక వేసిందంటే, మూడో నంబరు దేశంలో హైస్కూలు చదివిన మనిషెవరో దరఖాస్తు పెట్టుకున్నారని అర్థం. అక్కడి చదువు ఇక్కడి హైస్కూలు చదువుకి సమానమా కాదా, అక్కడి మార్కులు ఇక్కడి లెక్కలో ఎన్ని అవుతాయి, ఇది తేల్చి ఉత్తరం ఇవ్వడమే ఆ విభాగం పని. ఆ ఉత్తరం లేనిదే బయట చదువుకుని వచ్చినవాళ్ళకి ఇక్కడ ఏ కోర్సులోనూ సీటు రాదు. ఎవరు ఎంత గొప్పగా చదివినా, ఆ బీరువా ముందు కాసేపు నిలబడాల్సిందే.

తేల్చే మనిషిని అందరూ తూకం మేడం అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. ఆ పేరు వినగానే "నేనేమన్నా కూరగాయల కొట్టు పెట్టుకున్నానా?" అని విసుక్కునేది కానీ, లోపల ఆవిడకి ఆ పేరంటే ముచ్చటే. ఉండదూ మరి? ప్రతి విభాగానికీ సవరణల పుస్తకం అని ఒకటి ఇస్తారు, చేసిన తప్పులు రాసుకోవడానికి. పక్క గది వాళ్ళది మూడో పుస్తకం నడుస్తోంది. తూకం మేడం పుస్తకంలో మొదటి పేజీ కూడా తెల్లగానే ఉంది. దాన్ని ఆవిడ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. చూడటానికి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే చెప్పుకోవడానికి కూడా పనికొచ్చేది.

ఆవిడకి ఇంకో గర్వం కూడా ఉంది, సన్నటి ఫైళ్ళు. ఆవిడ చేరిన కొత్తలో జనం మార్కుల కాగితం ముందూ వెనకా, స్కూలు ఫొటో, హెడ్మాస్టరు మెచ్చుకోలు అన్నీ కలిపి ఒక్కొక్కళ్ళూ ఒక్కో మూట తెచ్చి పడేసేవాళ్ళు. బీరువా తలుపులు పడేవి కావు. ఆవిడ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "ముందు పేజీ చాలు" అని రాసి దరఖాస్తులు తీసుకునే కిటికీకి తగిలించింది. అంతే, ఫైళ్ళు సగానికి సగం బక్కచిక్కాయి. డైరెక్టరు మీటింగులో ఆ సంగతి చెప్పి మెచ్చుకున్నాడు. ఆ అట్టముక్క రంగు వెలిసిపోతే ఆవిడ రెండుసార్లు మళ్ళీ దిద్దింది.

ఇంట్లో ముగ్గురు: ఆవిడ, కళ్ళజోళ్ళ షాపు నడిపే భర్త, అత్తగారు. అత్తగారు హైస్కూలు గడప తొక్కలేదు. అయిదో క్లాసుతో ఆపేసింది. అందుకేనేమో, సాయంత్రం భోజనాలకి కూర్చోగానే ఆవిడకి ఒక దేశం వడ్డించాల్సిందే.

"ఇవాళ ఏ దేశమే?" అని మొదలుపెట్టేది.

"పన్నెండు అత్తయ్యా. అక్కడ పిల్లలే బడి ఊడుస్తారట, కిటికీ అద్దాలు తుడుస్తారట. దానికీ మార్కులున్నాయి."

"ఊడిస్తే మార్కులా? అక్కడ పుట్టి ఉంటే ఈపాటికి నాకు డాక్టరేటు ఇచ్చేవాళ్ళు."

"ఇరవై ఆరులో పదహారేళ్ళు రాగానే వారంలో సగం రోజులు వర్క్‌షాపుకి పంపిస్తారు. ఎనిమిదిలో అయితే మూడేళ్ళ చదువుకి కలిపి ఒక్కటే పరీక్ష. పిల్లాడు బల్ల ముందు నిలబడాలి, ముగ్గురు టీచర్లు ప్రశ్నలు వేస్తారు, నోటితోనే చెప్పాలి."

"నోటితో అయితే నేనే ఫస్టు" అనేది అత్తగారు. కొడుకు నవ్వి కంచంలోకి తల దించుకునేవాడు, ఆ మాటని కాదనే ధైర్యం అతనికి లేదు.

ఒకరోజు అత్తగారు ఉన్నట్టుండి, "ఇన్ని దేశాల చదువులు చూశావు కదా, ఏ దేశంలో చదువు మంచిదే?" అని అడిగింది.

"అది నా పని కాదు అత్తయ్యా. సమానమా కాదా, అదొక్కటే నేను చెప్పాలి."

"మంచిదో కాదో తెలీకుండా సమానమని ఎలా చెప్తావు?"

తూకం మేడం నీళ్ళు తాగింది. జవాబు తట్టనప్పుడు ఆవిడకి దాహం వేస్తుంది.

ఆఫీసుకి ఏడో నంబరు బస్సు. పొద్దున్నా సాయంత్రం అదే బస్సు, అదే ముందు సీటు. ఆ బస్సు నడిపే ఆమెని ఆ దారిలో అందరూ డ్రైవరమ్మా అనే పిలుస్తారు. ముప్పై అయిదు దాటిన మనిషి, చేతులు పొట్టిగా గట్టిగా ఉంటాయి, మలుపు తిప్పేటప్పుడు పెదవి బిగిస్తుంది. వేరే దేశం నుంచి వచ్చి ఏడేళ్ళయింది. ఇక్కడి భాష బాగానే మాట్లాడుతుంది, కాకపోతే కొంచెం ఆచితూచి, మాటమాటకీ మధ్య ఖాళీ వదిలి మాట్లాడుతుంది. ఆమె కూతురు ఇక్కడి హైస్కూల్లో చదువుతోంది. పెద్ద సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా డ్రైవరమ్మ డాష్‌బోర్డు మీద నుంచి ఒక నోటుపుస్తకం తీసి వెనక్కి చాపేది.

"మా పిల్లకి ఈ లెక్క రాలేదట. మీరు ఆ పెద్ద ఆఫీసులో చేస్తారు కదా, చూసి పెట్టండి మేడం."

"నువ్వు చూడలేదా?"

"నాకేం తెలుస్తుంది మేడం. మీ స్కూళ్ళు చాలా గట్టివి."

తూకం మేడం ఆ మాటకి ఉబ్బిపోయేది, ఇక్కడి స్కూళ్ళన్నీ తనే కట్టించినట్టు. లెక్కల్లో తను చదువుకునే రోజుల్లో కూడా గొప్పదేం కాదు. అయినా ఆ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, సిగ్నల్ పచ్చరంగులోకి మారేలోగా ఏదో ఒక జవాబు తేల్చి పడేసేది.

అసలు సంగతి బయటపడింది ఒక మంగళవారం మధ్యాహ్నం.

"పందొమ్మిది వచ్చింది మేడం" అంది టైపిస్టు. పందొమ్మిదో నంబరు చిన్న దేశం. తొమ్మిదేళ్ళలో అక్కడి నుంచి వచ్చిన దరఖాస్తులు నాలుగో అయిదో. ఈసారి దరఖాస్తు పెట్టినాయన బేకరీలో రొట్టెల బట్టీ చూసుకునే మాస్టరు. కాగితాలు తిరగేస్తూ తూకం మేడం నొసలు చిట్లించింది. అందులో మార్కులు లేవు. ఆయన మార్కుల కాగితాన్ని తిరగేసి పెట్టి, వెనక వైపు జిరాక్స్ తీయించాడు. దాన్ని అలాగే తీసుకెళ్ళి అనువాదం చేయించి, స్టాంపు కూడా వేయించాడు.

"ముందు పేజీ అని అంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టినా వెనక పేజీ తెస్తారేమిటో" అని సణుక్కుంటూ, తిప్పి పంపించేద్దామని పెన్ను తీసింది. ఏ పేజీ తెచ్చాడో రాయాలి కదా అని ఆ అనువాదం పైపైన చదివింది. మార్కుల వివరణ అని ఉంది. ఒకటి: అత్యుత్తమం. రెండు: చాలా బాగుంది. మూడు: బాగుంది. నాలుగు: ఫరవాలేదు. అయిదు: బలహీనం. ఆరు: చాలదు.

ఆవిడ ఇంకోసారి చదివింది. తర్వాత కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి చదివింది. కళ్ళజోడు తప్పేం లేదు. ఇంటాయనే చేసి ఇచ్చిన జోడు.

ఆవిడ పట్టికలో పందొమ్మిదికి ఆరు అంటే అన్నిటికన్నా ఎక్కువ, ఒకటి అంటే అన్నిటికన్నా తక్కువ. ఎందుకంటే దాని పొరుగున ఉన్న పద్దెనిమిదో నంబరులో అలాగే ఇస్తారు. పద్దెనిమిది గురించి నెలరోజులు కష్టపడి కనుక్కుంది. పందొమ్మిది దగ్గరికి వచ్చేసరికి, అదీ ఆరు లెక్కే కదా, పక్కపక్క దేశాలే కదా అని, "పైదే" అని ఒక్కమాట రాసి ఊరుకుంది. ఆ చేతిరాత తనదే. ఆ దస్తూరీని ఇంకెవరి మీదకీ తోసేయడానికి లేదు.

లేచి వెళ్ళి పందొమ్మిదో అర తెరిచింది. నాలుగు ఫైళ్ళు ఉన్నాయి, అన్నిటిలోనూ ముందు పేజీ ఒక్కటే. మొదటి దానిలో అన్నీ మూడులూ నాలుగులూ. తలకిందులుగా చదివినా సరిగ్గా చదివినా అవి సగం మార్కులకి ఇటూ అటూగా వస్తాయి కాబట్టి, ఆ మనిషికి ఉత్తరం దొరికింది. రెండోదీ అంతే, నాలుగోదీ అంతే. మామూలుగా చదివినవాళ్ళు మామూలుగా బయటపడ్డారు, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మూడో ఫైలులో లెక్కలు ఒకటి, సైన్సు ఒకటి, భాష రెండు, చరిత్ర ఒకటి. దాని మీద ఎర్ర సిరాతో "కనీస స్థాయికి చాలదు" అని రాసి ఉంది, కింద ఆవిడ సంతకం. కోరిన కోర్సు నర్సింగ్. దరఖాస్తు వచ్చి నాలుగేళ్ళయింది.

మూలన అంటించిన ఫొటో చూసి ఆవిడ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. జుట్టు అప్పుడు ఇంకా పొడుగ్గా ఉంది. కానీ పెదవి బిగించిన తీరు అదే. ఏడో నంబరు బస్సు డ్రైవరమ్మ.

ఆ సాయంత్రం తూకం మేడం బస్సు ఎక్కలేదు. బస్టాపు దాకా వెళ్ళి, మలుపులో ఏడో నంబరు కనిపించగానే దొంగలా పక్క సందులోకి తిరిగి, ఇంటిదాకా నడిచింది. భోజనం దగ్గర అత్తగారు "ఏ దేశం?" అంటే పందొమ్మిది అంది. జరిగింది మొత్తం దాచుకోకుండా చెప్పింది.

భర్త ముద్ద ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. "నర్సింగ్‌కి వయసు పరిమితి ఉంటుందేమో కదా?"

"ముప్పై ఆరు నిండకూడదు. ఆమెకి వచ్చే నెలలో నిండుతాయి. ఫైలులో పుట్టినరోజు చూశాను. ఈ ఏడాది దరఖాస్తులకి శుక్రవారం ఆఖరు. ఈ శుక్రవారమే."

"అంటే మూడు రోజులు" అన్నాడతను.

ఆవిడ తల ఊపింది. ఈ మూడు రోజుల్లో కొత్త ఉత్తరం రాకపోతే ఆ మనిషి ఇంక ఎప్పటికీ నర్సు కాదు. ఆ తప్పు తన చేతిమీదుగా జరిగింది, దిద్దాల్సింది కూడా తనే.

అత్తగారు కంచం పక్కకి జరిపి, "అంటే బాగా చదివిన పిల్లే ఫెయిలయిందన్నమాట. కొంచెం తక్కువ చదివి ఉంటే పాసయ్యేది" అంది.

"అవును అత్తయ్యా."

"రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, అరిగిపోయేదేమీ లేదు."

బుధవారం తూకం మేడం అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళింది. డైరెక్టరు వచ్చి ఇంకా కోటు కూడా తీయకముందే ఆయన బల్ల మీద మూడో ఫైలూ, బేకరీ మాస్టరు తిరగేసిన కాగితమూ పక్కపక్కన పెట్టింది. డైరెక్టరు చెడ్డవాడేం కాదు. కాకపోతే గొడవలంటే ఆయనకి ఒంట్లో బాగుండదు.

"సరే, కొత్త ఉత్తరం ఇచ్చేద్దాం. 'పునఃపరిశీలన మీదట' అని రాయండి చాలు. తప్పు, పొరపాటు లాంటి మాటలు ఎందుకు? ఇరవై రెండేళ్ళ సర్వీసు, మచ్చలేని పుస్తకం. మీ మంచికే చెప్తున్నాను."

నిజం చెప్పాలంటే ఆవిడకి ఆ మాట తేనెలా వినిపించింది. అలా రాసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కిటికీ దగ్గర పుస్తకం తెల్లగానే ఉంటుంది. ఆవిడ ఒక నిమిషం పాటు సరే అనుకుంది కూడా. ఆ నిమిషం గురించి ఆవిడకి తర్వాత చాలా రోజులు సిగ్గేసింది.

"అలా రాస్తే మనమేదో జాలి చూపించామనుకుంటుంది సార్. తను ఫెయిలైన మాట నిజమేనని అనుకుంటూనే ఉంటుంది. ఆమె ఫెయిలవలేదు. అక్కడ ఫస్టు వచ్చింది. మనకి చదవడం రాలేదు. ఉత్తరంలో ఆ మాట ఉండాలి."

డైరెక్టరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "మనకి చదవడం రాలేదు అని రాయకండి దయచేసి. 'విభాగం పొరపాటు వల్ల' అని రాయండి."

"రాస్తాను సార్."

మధ్యాహ్నానికల్లా ఉత్తరం తయారైంది. తూకం మేడం కిటికీ రెక్కకి అడ్డం పెట్టిన పుస్తకం తీసి, దుమ్ము దులిపి, మొదటి పేజీలో మొదటి వరుస రాసింది. రెక్క ఆ రోజంతా టపటపా కొట్టుకుంటూనే ఉంది. టైపిస్టు రెండుసార్లు లేచి చూసి, ఏం అడగాలో తెలియక మళ్ళీ కూర్చుంది.

బస్సు డిపోలో డ్రైవర్లకి భోజనం గది ఒకటి ఉంది. పొడుగాటి బల్ల, గోడకి డ్యూటీ చార్టు, మూలన ఎప్పుడూ గుర్రుమనే టీ మిషను. ఒంటిగంటన్నరకి డ్రైవరమ్మ అక్కడ ఒక్కతే కూర్చుని డబ్బా మూత తీస్తోంది. తూకం మేడంని చూసి లేవబోయింది.

"నిన్న సాయంత్రం నుంచి బస్సులో కనిపించలేదేంటి మేడం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. నువ్వు కూర్చో. నీకొక మాట చెప్పాలి. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను, కాబట్టి మొత్తం విను."

అంతా చెప్పింది. ఎదురుగా నిలబడి, చేతిలో కవరు రెండు చేతులతో పట్టుకుని, తప్పు చేసి హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లలా చెప్పింది. పద్దెనిమిది, పందొమ్మిది, "పైదే" అని రాయడం, వెనక పేజీ, ఎర్ర సిరా, ఆ సంతకం తనదే కావడం.

డ్రైవరమ్మ డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. "ఒకటి అంటే ఫస్టు అని మీకు తెలీదా?"

"తెలీదు."

"అడగొచ్చుగా."

"అడగాల్సింది. అడగలేదు."

టీ మిషను గుర్రుమంది. డ్రైవరమ్మ బల్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వాటినే చూసింది. "నేనూ అడగలేదు మేడం. మా ఊళ్ళో నేనే ఫస్టు. ఇక్కడ ఫెయిలని కాగితం వచ్చింది. ఈ దేశంలో చదువు అంత గొప్పదేమో, అక్కడి ఫస్టు ఇక్కడ ఎందుకూ పనికిరాదేమో అనుకున్నా. అంత పెద్ద ఆఫీసు చెప్తే తప్పెలా అవుతుంది?"

తూకం మేడం ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మా లెక్కల మాస్టారు ఒకటి ఊరికే ఇవ్వరు. లెక్క నీకొస్తే రెండు వేస్తారు. కింది క్లాసు పిల్లల ముందు నిలబడి, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే ఒకటి. నీకొక్కదానికే వస్తే అది చదువు కాదు అనేవారు. ఏడాదంతా కింది క్లాసుకి నేనే చెప్పాను. అలా వచ్చిన ఒకటి అది." ఆమె డబ్బాని పక్కకి నెట్టింది. "ఆ ఉత్తరం వచ్చాక మా పిల్లకి లెక్కలు చెప్పడం మానేశా. ఫెయిలైనదాన్ని నేనేం చెప్తాను, తప్పు చెప్తే దాని చదువు పాడవుతుందని. అందుకే మీకు ఇచ్చేదాన్ని."

"నేను చెప్పినవి..."

"రెండు తప్పు చెప్పారు మేడం. నాకు అప్పుడే అనిపించింది. చెరిపేద్దామనుకున్నా. మళ్ళీ, ఇక్కడి లెక్క ఇలాగే ఉంటుందేమోనని ఊరుకున్నా. పిల్లకి క్లాసులో రెండూ తప్పు పడ్డాయి."

తూకం మేడంకి భూమి చీలి తనని మింగేస్తే బాగుండు అనిపించింది. డిపో నేల మంచి గట్టి కాంక్రీటు, అలాంటి సాయాలు చేసే రకం కాదు.

డ్రైవరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వరసగా నిలబెట్టిన బస్సుల వైపు చూస్తూ నిలబడింది. "నాకు కోపంగా ఉంది మేడం. కాసేపు ఉండనివ్వండి."

"ఉండు. నేనిక్కడే ఉంటాను."

ఎంతసేపో లెక్కపెట్టలేదు. ఒక డ్రైవరు వచ్చి టీ పట్టుకుని, ఆ ఇద్దరి ముఖాలు చూసి, చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళి తాగాడు. తర్వాత డ్రైవరమ్మ వచ్చి, చేతులు తుడుచుకుని కవరు అందుకుంది. ఉత్తరం నిలబడే చదివింది. విభాగం పొరపాటు వల్ల అన్న చోట వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

"శుక్రవారం ఆఖరు కదా" అంది.

"నీకు తెలుసా?"

"ప్రతి ఏడూ చూస్తా. ఊరికే చూస్తా." కొంచెం ఆగి, "రేపు నాకు పొద్దుటి డ్యూటీ ఒక్కటే. రెండింటికి అయిపోతుంది" అంది.

"నేనూ వస్తాను. వద్దంటే రాను."

"రండి. వాళ్ళేమన్నా అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే కదా" అంది డ్రైవరమ్మ. మాట పెళుసుగానే వచ్చింది, కానీ చెప్పాక ముఖం కొంచెం తేలికపడింది.

గురువారం మూడింటికి ఇద్దరూ నర్సింగ్ స్కూలు కౌంటరు ముందు ఉన్నారు. కౌంటరులో ఉన్న గుమస్తా మంచి చురుకైన మనిషి, అలాంటివాళ్ళకి అనుమానాలు ఎక్కువ. పాత తిరస్కరణ తమ రికార్డులో ఉందన్నాడు. తూకం మేడం ముందుకు వంగి, "అది నేను చేసిన తప్పు. ఇది నేనే రాసిన సవరణ. కింద సంతకం కూడా నాదే, కావాలంటే ఇప్పుడు ఇంకోసారి పెట్టి చూపిస్తాను" అంది. గుమస్తా ఆవిడని ఎగాదిగా చూశాడు. ఆఫీసులో పనిచేసే మనిషి తప్పు నాది అనడం అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు కాబోలు, మారు మాట్లాడకుండా స్టాంపు వేశాడు. క్లాసులు రెండు నెలల్లో మొదలవుతాయనీ, బస్సు ఉద్యోగం సాయంత్రం షిఫ్టుకి మార్చుకోవచ్చనీ సలహా కూడా ఇచ్చాడు.

బయట మెట్ల మీదికి వచ్చాక డ్రైవరమ్మ రసీదు చూసుకుంటూ మూడో మెట్టు మీద కూలబడింది. తూకం మేడం కూడా పక్కనే కూర్చుంది. మెట్ల మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. కోర్సు చదువుతున్న అమ్మాయిలు పుస్తకాలు గుండెకి హత్తుకుని వాళ్ళ పక్కనుంచి దిగిపోతున్నారు.

"మీరింకో పని చెయ్యాలి మేడం."

"చెప్పు."

"మా మాస్టారికి ఫోన్ చేస్తా. మీరు చెప్పండి. నాలుగేళ్ళ నుంచి ఆయనకి ఫోన్ చెయ్యలేదు. ఫెయిలయ్యానని ఎలా చెప్పను? ఆయన ఇచ్చిన ఒకటి ఇక్కడ చెల్లలేదని ఎలా చెప్పను? అంతకుముందు నెల తప్పకుండా చేసేదాన్ని."

తూకం మేడంకి దాహం వేసింది. ఈసారి పక్కన నీళ్ళు లేవు. "సరే, చెయ్యి" అంది.

అక్కడ ఇంకా పొద్దున్నే. ఫోను చాలాసేపు మోగింది. ఎత్తిన గొంతు ముసలిది, గరుకుగా ఉంది, ఎవరని అడిగినట్టుంది. డ్రైవరమ్మ తన భాషలో రెండు మాటలు అనగానే అవతల గబగబా ఒకటే మాటల వాన. డ్రైవరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏమంటున్నారు?"

"బతికే ఉన్నావా అని తిడుతున్నారు. బస్సు నడుపుతున్నా అంటే, బస్సు నడపడం తప్పా, దానికి ఫోన్ మానేస్తావా అంటున్నారు. మీ గురించి చెప్పా. మాట్లాడమంటున్నారు."

ఫోను ఇద్దరి మధ్యా మెట్టు మీద పెట్టి స్పీకరు నొక్కింది. తూకం మేడం తనకి తెలియకుండానే చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఒక్కో వాక్యం చెప్పి ఆగింది. డ్రైవరమ్మ ఒక్కో వాక్యం అవతలికి చేరవేసింది. మీరు ఇచ్చిన మార్కుల్ని తలకిందులుగా చదివాను మాస్టారూ. మీ విద్యార్థిని మొదటి స్థానంలో ఉంటే ఆఖరి స్థానమని రాశాను. నన్ను క్షమించండి.

అవతలి నుంచి పొట్టి ప్రశ్న ఒకటి వచ్చింది.

"ఇప్పుడు సరిచేశారా అంటున్నారు."

"చేశాను. ఇవాళే దరఖాస్తు తీసుకున్నారు."

"ఆయన వేసిన ఒకటి మీ లెక్కలో ఎన్ని మార్కులయిందని అడుగుతున్నారు."

తూకం మేడంకి అక్కడ కొంచెం ధైర్యం వచ్చింది. మూడు రోజుల తర్వాత చెప్పుకోవడానికి ఒక మంచి మాట ఉంది. "వందకి తొంభై ఆరు మాస్టారూ. అంతకన్నా ఎక్కువ మా పట్టికలో లేదు."

డ్రైవరమ్మ ఆ మాట గర్వంగా చేరవేసింది. అవతల ఫోను పగిలిపోతుందేమో అన్నట్టు గొంతు లేచింది. మెట్లు దిగుతున్న అమ్మాయిలిద్దరు ఆగి చూశారు.

"ఏమైంది?"

డ్రైవరమ్మ నవ్వు ఆపుకోలేక మోకాళ్ళ మీదికి వంగిపోయింది. "ఆ నాలుగు మార్కులు ఎవరు కోశారని అడుగుతున్నారు. తనిచ్చింది ఒకటి, ఒకటి అంటే పూర్తి మార్కులని, అందులో నాలుగు తక్కువ ఎలా అవుతుందని అడుగుతున్నారు."

"బయటి దేశాల స్కూళ్ళకి ఎవరికీ తొంభై ఆరుకి మించి ఇవ్వకూడదని మా నిబంధన అని చెప్పు."

చెప్పింది. అవతలి నుంచి ఒక్క మాటే వచ్చింది. దానికి అనువాదం అక్కర్లేకపోయినా డ్రైవరమ్మ చెప్పింది.

"ఎందుకు అంటున్నారు."

తూకం మేడం నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళుగా ఆ తొంభై ఆరు రాస్తూనే ఉంది. ఎన్ని వందల మందికి రాసిందో. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఎందుకు పెట్టారో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎండలో ఆ మెట్టు మీద కూర్చుని, ఎప్పుడూ చూడని ఒక ముసలాయన ముందు, ఆవిడ నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. ఫోనుకి అది కనిపించదని గుర్తొచ్చి మళ్ళీ నోటితో చెప్పింది.

"నాకు తెలీదు మాస్టారూ. రేపు ఆఫీసులో అడుగుతాను."

డ్రైవరమ్మ చేరవేసింది. అవతలి గొంతు ఈసారి మెత్తగా, తీరిగ్గా ఏదో చెప్పింది.

"అడిగి చెప్పమంటున్నారు. ఎక్కడికీ వెళ్ళరట, ఇంట్లోనే ఉంటారట."